ప్లాస్మా అంచున చిన్న అయస్కాంత అలజడి

(విశాఖపట్నంలో ఫిజిక్స్, ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోంది కదా? సరే, మొదలుపెడదాం.

సంలీన శక్తి, అంటే తేలికైన పరమాణు కేంద్రకాలు కలిసిపోయినప్పుడు వెలువడే శక్తి గురించి గంటలో అంతా చెప్పేయడం ఎవరి తరమూ కాదు. ఇవాళ మనం మాట్లాడుకునేది టోకామాక్‌లో కొద్ది సెంటీమీటర్ల మందం ఉండే ఒక పొర గురించే. వేడి ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయేంతగా వేడెక్కిన వాయువు, ముగిసిపోయే చోటు అది. దాన్ని దారిలో పెట్టడానికి శాస్త్రవేత్తలు ఏం చేస్తున్నారంటే, ఎంతో శ్రమపడి తీర్చిదిద్దిన అయస్కాంత క్షేత్రాన్ని కావాలనే కాస్త చెడగొడుతున్నారు. ఆ చెడగొట్టేది అసలు క్షేత్రంలో వెయ్యో వంతు కూడా ఉండదు, చాలాసార్లు పదివేలలో ఒకటో రెండో వంతులు. ఇంత చిన్న అలజడి అంత పెద్ద పని ఎలా చేస్తోందన్నదే మన విషయం.

టోకామాక్ అంటే గారె ఆకారంలో ఉండే శూన్య పాత్ర, దాని చుట్టూ కాయిల్స్. 1950లలో మాస్కోలోని కుర్చాటోవ్ సంస్థలో పుట్టిన ఆలోచన ఇది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్ అనే పెద్ద టోకామాక్‌ను తీసుకోండి. మన దేశం కూడా అందులో భాగస్వామి. ప్లాస్మా వలయం పెద్ద వ్యాసార్ధం 6.2 మీటర్లు, మధ్యలో అయస్కాంత క్షేత్రం 5.3 టెస్లా, ప్లాస్మాలో పారాల్సిన కరెంటు 15 మెగాఆంపియర్లు. ఉష్ణోగ్రత 15 కోట్ల డిగ్రీలు. ఇంత యంత్రంలో ఒక క్షణాన ఉండే ఇంధనం ఎంతనుకుంటున్నారు? సాంద్రతనీ ఘనపరిమాణాన్నీ గుణించి చూసుకోండి, అర గ్రాము కూడా రాదు.

క్షేత్ర రేఖలు ఆ వలయం చుట్టూ మెలికలు తిరుగుతూ పోతాయి. ఒక రేఖ ఆ గారె మందం చుట్టూ అడ్డంగా ఒక చుట్టు పూర్తి చేసేలోపు వలయం వెంబడి ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ సంఖ్యను క్యూ అంటాం. ఇది లోపల ఒకటి దగ్గర మొదలై, అంచుకు వచ్చేసరికి మూడు దాటుతుంది. ఈ క్యూ అన్న అక్షరాన్ని నోట్సులో రాసుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

1982లో జర్మనీలోని గార్చింగ్‌లో, ఆస్‌డెక్స్ అనే టోకామాక్ మీద ఫ్రిట్జ్ వాగ్నర్ బృందం ఒక వింత చూసింది. వేడి చేసే పవర్ ఒక హద్దు దాటగానే ప్లాస్మా ఉన్నట్టుండి తన శక్తిని రెట్టింపు సామర్థ్యంతో పట్టి ఉంచడం మొదలుపెట్టింది. దానికి హెచ్-మోడ్ అని పేరు పెట్టారు. అసలు మార్పు జరిగింది అంచులోనే. అక్కడ అల్లకల్లోలం సద్దుమణిగి, సన్నటి అడ్డుకట్ట లాంటి పొర ఏర్పడింది. ఆ పొరలో పీడనం నిట్టనిలువుగా లేస్తుంది. లోపలి ప్లాస్మా మొత్తం ఆ ఎత్తు మీద కూర్చుంటుంది కాబట్టి దాన్ని పెడెస్టల్ అంటారు. ఇటర్ లెక్కలన్నీ హెచ్-మోడ్ వస్తుందన్న నమ్మకం మీదే వేశారు. 50 మెగావాట్ల వేడి ఇచ్చి 500 మెగావాట్ల సంలీన శక్తి రాబట్టాలన్న లక్ష్యం అది లేకపోతే అందదు.

కానీ పీడనం అంత నిటారుగా లేచిన చోట ప్లాస్మా ఊరుకోదు. పీడనం మారే తీరు వల్ల అక్కడ దానంతటదే ఒక కరెంటు కూడా పుడుతుంది. పీడనపు వాలు ఒక వైపు నుంచి, ఆ కరెంటు మరో వైపు నుంచి పొరను అస్థిరం చేస్తాయి. హద్దు దాటగానే పొర తెగి, పోగులు పోగులుగా ప్లాస్మా బయటికి చిమ్ముతుంది. దీన్నే ఎల్మ్ అంటాం. చిమ్మేశాక పీడనం పడిపోతుంది, మళ్లీ పోగవుతుంది, మళ్లీ చిమ్ముతుంది. ఇవాళ్టి యంత్రాల్లో సెకనుకు పదుల సార్లు ఇది జరుగుతుంది.

స్క్రీన్ మీద నేను గీసిన ఈ బొమ్మ చూడండి. డ్యుటీరియం పరమాణువులు అంచులో వెలువరించే ఎర్రటి కాంతి, 656 నానోమీటర్ల దగ్గరిది, కాలంతో పాటు ఎలా మారుతుందో చూపే గ్రాఫు ఇది. టోకామాక్ కంట్రోల్ రూములో అందరూ ముందు చూసేది ఈ గీతనే. కింద దాదాపు సమంగా సాగే గీత, మధ్య మధ్యలో సూదుల్లా లేచే మొనలు. ఒక్కో మొన ఒక్కో ఎల్మ్. పైకి లేవడానికి మిల్లీసెకను కూడా పట్టదు. ఈ మొన ఎత్తును బట్టీ, రెండు మొనల మధ్య ఎడాన్ని బట్టీ ఆ రోజు గోడ ఎంత దెబ్బ తింటోందో అనుభవం ఉన్నవాళ్లు ఇట్టే చెప్పేస్తారు.

ఇవాళ్టి యంత్రాలు ఆ దెబ్బను తట్టుకుంటాయి. ఇటర్ తట్టుకోలేదు. దాని ప్లాస్మాలో నిల్వ ఉండే శక్తి సుమారు 350 మెగాజౌళ్లు. ఏ అదుపూ లేకుండా వదిలేస్తే ఒక్కో పెద్ద ఎల్మ్‌లో 20 మెగాజౌళ్ల వరకు పోవచ్చని అంచనా. మన కరెంటు బిల్లు లెక్కలో చూస్తే అయిదున్నర యూనిట్లు, అంతే. అందుకే చాలామంది ఇదేం పెద్ద విషయం అనుకుంటారు. కానీ అది అర మిల్లీసెకనులో వచ్చి పడుతుంది. భాగించండి: 40 వేల మెగావాట్లు. మన పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ ప్లాంటు మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. అలాంటివి ఇరవై ప్లాంట్ల పవరు, కన్ను ఆర్పేలోపు, డైవర్టర్ అనే అడుగు భాగంలో సన్నటి పట్టీల మీద పడుతుంది. అక్కడ ఉండేది టంగ్‌స్టన్. దాని ద్రవీభవన స్థానం 3,422 డిగ్రీలు, లోహాలన్నిటిలోకీ ఎక్కువ. అయినా కరుగుతుంది. కరిగేదాకా పోకపోయినా, వేల సార్లు వేడెక్కి చల్లారితే పైపొర పగుళ్లు బారుతుంది. అందుకని ఒక్కో ఎల్మ్ శక్తిని ఒక మెగాజౌల్ లోపుకు దించాలి, లేదా ఎల్మ్‌లే రాకుండా చేయాలి.

ఇప్పుడు అసలు కథకు వస్తున్నాను.

నేవీ వాళ్ల పిల్లలు, షిప్‌యార్డులో పనిచేసేవాళ్ల పిల్లలు ఇక్కడ ఉండే ఉంటారు. ఉక్కు ఓడ పొట్టుకు దానికంటూ కొంత అయస్కాంతత్వం పట్టుకుంటుంది. అయస్కాంత మైన్లు దాన్ని పసిగడతాయి కాబట్టి యుద్ధనౌకల్లో లోపల కేబుళ్లు చుట్టి, తగిన కరెంటు పంపి, ఆ క్షేత్రాన్ని రద్దు చేస్తారు. డీగాసింగ్ అంటారు దాన్ని. టోకామాక్‌లో కూడా సరిగ్గా ఇలాంటి పనే ఉంది. వందల టన్నుల కాయిల్స్‌ను ఎంత జాగ్రత్తగా అమర్చినా కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతాయి. దానివల్ల క్షేత్రంలో చిన్న వంకర పుడుతుంది, దాన్ని రద్దు చేయడానికి దిద్దుబాటు కాయిల్స్ పెడతారు. ఇటర్‌లో ఇవి 18. అంటే దశాబ్దాల పాటు టోకామాక్ వాళ్ల తాపత్రయమంతా వంకరను తీసేయడం మీదే. అదే జాతి కాయిల్స్‌తో వంకరను కావాలని పెట్టడం అన్న ఆలోచన వచ్చిందంటే, అది ఎంత ధైర్యమో ఊహించండి.

ఈ ఆలోచన ఒక్కరోజులో రాలేదు. ఫ్రాన్స్‌లోని టోర్ సుప్రా, జర్మనీలోని టెక్స్‌టార్ అనే టోకామాక్‌లు అంచులోని క్షేత్ర రేఖలను చిందరవందర చేసి వేడిని పరచడానికి ప్రయత్నించాయి. కానీ ఎల్మ్‌ల విషయంలో మలుపు అమెరికాలోని శాన్ డియేగోలో, డీత్రీ-డీ అనే టోకామాక్ మీద వచ్చింది. అక్కడ పాత్ర లోపల, పైన ఆరు, కింద ఆరు చొప్పున 12 కాయిల్స్ ఉన్నాయి. టాడ్ ఎవాన్స్ నాయకత్వంలోని బృందం వాటిలో కరెంటు పంపి, వలయం చుట్టూ మూడు సార్లు ఎగుడుదిగుడయ్యే అలజడి పెట్టింది. 2004లో ఆ ఫలితం అచ్చయింది. ఇందాకటి గ్రాఫులో ఆ సూది మొనలు చూశారు కదా? కాయిల్ ఆన్ చేసిన కాసేపటికి అవి మాయమైపోయాయి. ప్లాస్మా మాత్రం హెచ్-మోడ్‌లోనే ఉంది.

అలజడి ఎంత? ఆ యంత్రం క్షేత్రం సుమారు 2 టెస్లా, అంటే 20 వేల గాస్. అందులో పదివేలలో రెండు వంతులంటే 4 గాస్. మన విశాఖ దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 0.4 గాస్. అంటే మీ దిక్సూచి ముల్లును తిప్పే బలానికి ఓ పది రెట్లు. ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం దగ్గర ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఇంత చిన్నది ఎలా పనిచేస్తుంది? ఇక్కడే క్యూ కావాలి. అంచులో క్యూ విలువ మూడు, మూడుంపావు, మూడున్నర అలా పెరుగుతూ పోతుంది. ఎక్కడైతే క్యూ సరిగ్గా భిన్నం అవుతుందో, ఉదాహరణకు 10/3 లేదా 11/3, అక్కడ క్షేత్ర రేఖ కొన్ని చుట్లు తిరిగి బయల్దేరిన చోటుకే వచ్చి కలుస్తుంది. మన అలజడి కూడా అదే మెలిక లయలో ఉంటే, రేఖ తిరిగిన ప్రతిసారీ ఒకే వైపు తోపు తగులుతుంది. తోపులు కూడుకుంటాయి. దీన్నే అనునాదం అంటాం, మీరు ఇంటర్‌లో చదువుకున్నదే. ఆ పొర దగ్గర రేఖలు విడిపోయి, తిరిగి ముడిపడి, ద్వీపాల్లాంటి గొలుసు ఏర్పడుతుంది. పక్కపక్క పొరల ద్వీపాలు పెద్దవై ఒకదాని మీద ఒకటి ఒరిగితే రేఖలకు ఇక క్రమం ఉండదు, లోపలి నుంచి అంచు దాకా తిరుగాడుతూ పోతాయి.

మొదట్లో అందరూ ఇంతవరకే ఆలోచించారు. రేఖలు చెల్లాచెదురైతే, రేఖల వెంట మెరుపులా పరుగెత్తే ఎలక్ట్రాన్లు వేడిని బయటికి మోసుకుపోతాయి. అంచులో ఉష్ణోగ్రత వాలు తగ్గుతుంది, పీడనం హద్దు దాటదు, ఎల్మ్ రాదు. ఎంత చక్కగా ఉందో చూడండి. కొలిచి చూస్తే అలా లేదు. ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత వాలు దాదాపు అంతే నిటారుగా ఉంది. తగ్గింది సాంద్రత. వేడి కారిపోవాల్సిన చోట కణాలు కారిపోయాయి.

నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇదే. ఆ లెక్కలో ప్లాస్మా లేదు. కాయిల్స్ ఖాళీ పాత్రలో ఎలాంటి క్షేత్రం పుట్టిస్తాయో లెక్కగట్టి, అదే ప్లాస్మా లోపల కూడా ఉంటుందనుకున్నారు. మూడు నాలుగు కోట్ల డిగ్రీల ప్లాస్మా విద్యుత్తును రాగి కంటే బాగా ప్రవహింపజేస్తుంది. పైగా అది తిరుగుతూ ఉంటుంది. తిరిగే ప్లాస్మా వైపు నుంచి చూస్తే, మనం కదలకుండా పెట్టిన అలజడి మారుతూ ఉన్న క్షేత్రంలా కనిపిస్తుంది. మారే క్షేత్రం ఎదురైతే మంచి వాహకం ఏం చేస్తుంది? లెంజ్ నియమం చెప్పినట్టే, తనలో ఎదురు కరెంట్లు పుట్టించి దాన్ని అడ్డుకుంటుంది. కాబట్టి ఆ నిటారు పొరలో, ఎలక్ట్రాన్ల ప్రవాహం వేగంగా ఉన్న చోట, అలజడి లోపలికి పోదు, ద్వీపాలు పుట్టవు. అందుకే ఉష్ణోగ్రత వాలు చెక్కుచెదరలేదు.

మరి ఎల్మ్‌లు ఎందుకు ఆగాయి? పెడెస్టల్ పైఅంచు దగ్గర, వాలు ముగిసి చదునయ్యే చోట, క్షేత్రానికి అడ్డంగా ఉండే ఎలక్ట్రాన్ల ప్రవాహం ఒక వైపు నుంచి మరో వైపుకు తిరుగుతుంది. తిరిగే చోట అది సున్నా. అక్కడ అడ్డుకునేవాళ్లు లేరు. ఆ సున్నా ఉన్న చోటే, క్యూ భిన్నం కూడా కుదిరితే అలజడి లోపలికి దూరి, ఒక ద్వీపాన్ని పుట్టిస్తుంది. పెడెస్టల్ లోపలి వైపుకు వెడల్పు పెరుగుతూ పోతేనే హద్దు చేరుతుంది. దారిలో ఈ ద్వీపం కూర్చుంటే వెడల్పు అక్కడితో ఆగుతుంది. డీత్రీ-డీ కొలతల్లో 2015 ప్రాంతంలో దీనికి గట్టి ఆధారాలు కనిపించాయి. అందుకే ఈ అణచివేత కొద్దికొద్దిగా రాదు. కాయిల్ కరెంటు పెంచుతూ పోతే ఒక దశలో ఒక్కసారిగా గెంతు వేస్తుంది. అందుకే క్యూ విలువ కాస్త మారితే చేతికొచ్చినట్టే వచ్చి జారిపోతుంది కూడా.

అంతా ఇదేనని నేను అనను. ప్లాస్మా కొన్ని అలజడులను అడ్డుకుంటే, కొన్నిటిని తానే పెద్దవి చేస్తుంది. పై వరుస కాయిల్స్‌కూ కింది వరుసకూ మధ్య కరెంటు దశ మార్చి చూస్తే ఇది తెలుస్తుంది. ప్లాస్మా ఎక్కువగా స్పందించే దశ, ఖాళీ పాత్ర లెక్క చెప్పే దశ ఒకటి కావు. పనిచేసేది మొదటిది. మీలో ఎవరైనా ఈ రంగంలోకి వస్తే, కాయిల్ ఏం చేస్తుందన్న లెక్కతో ఆగిపోకండి. ప్లాస్మా దానికి ఏం జవాబిస్తుందో కొలిచినవాడి మాటే నమ్మండి.

ఇంగ్లండ్‌లోని మాస్ట్ యంత్రంలో కెమెరాతో ఆ జవాబును కళ్లారా చూశారు. కింది భాగంలో, ప్లాస్మా సరిహద్దు ఎక్స్ అక్షరంలా కలిసే చోట, అలజడి లేనప్పుడు అంచు నున్నగా ఉంటుంది. కాయిల్ ఆన్ చేస్తే అక్కడ వేళ్లలా ముందుకు పొడుచుకొచ్చిన మడతలు కనిపించాయి. వేడి డైవర్టర్ మీద ఒకే గీతగా పడకుండా చీలి, సర్పిలంగా పడుతుంది. వేడి పరుచుకోవడం మంచిదే. కానీ ఆ చీలికలు కదలకుండా ఒకేచోట ఉంటే అవే కొత్త వేడి మచ్చలవుతాయి. అందుకని ఇటర్‌లో అలజడిని మెల్లగా వలయం చుట్టూ తిప్పాలన్నది ఆలోచన.

తర్వాత కొరియాలోని కేస్టార్, చైనాలోని ఈస్ట్, జర్మనీలోని ఆస్‌డెక్స్ అప్‌గ్రేడ్ ఎల్మ్‌లను అణచగలిగాయి. కేస్టార్ అయితే చుట్టూ ఒక్కసారే ఎగుడుదిగుడయ్యే అలజడితో కూడా సాధించింది. ఆస్‌డెక్స్ అప్‌గ్రేడ్‌లో గోడ టంగ్‌స్టన్‌ది కాబట్టి ఇటర్ వాళ్లకు ఆ ఫలితం ముఖ్యం. 2023 దాకా ఇటర్ లోపలి గోడ బెరీలియంతో అనుకున్నారు, ఇప్పుడు అది కూడా టంగ్‌స్టన్‌కే మారింది.

దీనికి చెల్లించే మూల్యం సాంద్రత. కణాలు కారిపోతే పీడనం తగ్గుతుంది. సంలీన శక్తి సుమారుగా పీడనం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. పీడనం పది శాతం పడితే శక్తి పంతొమ్మిది శాతం పడుతుంది. రియాక్టర్ కట్టేవాడికి ఇది చిన్న నష్టం కాదు. అలాగని ఎల్మ్‌లను ఆపేసి ఊరుకుంటే చాలదు, ఎందుకంటే ఎల్మ్‌లు చిమ్మేటప్పుడు టంగ్‌స్టన్ మలినాలను కూడా బయటికి ఊడ్చేసేవి. ఇప్పుడు ఆ పని అలజడే చేయాలి. అంటే కారిపోవడం మరీ ఎక్కువ కాకూడదు, మరీ తక్కువా కాకూడదు. అణచివేత ఒకసారి వచ్చాక దాన్ని నిలబెట్టడానికి తక్కువ కరెంటు సరిపోతుంది. దాన్ని వాడుకుని కరెంటును అప్పటికప్పుడు తగ్గిస్తూ పోగొట్టుకున్న పీడనాన్ని కొంత వెనక్కి తెచ్చుకునే కంట్రోల్ పద్ధతులు డీత్రీ-డీ, కేస్టార్‌లలో వచ్చాయి. 2024లో ప్రిన్స్‌టన్ బృందం అందులో మెషీన్ లెర్నింగ్ కూడా జోడించింది. ఈ దారి మీద నాకు నమ్మకం ఉంది.

ఇంజినీరింగ్ వాళ్ల కోసం ఒక్కమాట. ఇటర్‌లో ఈ కాయిల్స్ 27, మూడు వరుసల్లో తొమ్మిదేసి. ఒక్కోదాంట్లో ఆరు చుట్లు, చుట్టుకు 15 కిలోఆంపియర్లు, మొత్తం 90. పాత్ర లోపలే, న్యూట్రాన్ల వానలో ఉంటాయి. ప్లాస్టిక్, రబ్బరు ఇన్సులేషన్ అక్కడ బతకదు. కాబట్టి రాగి గొట్టంలో నీళ్లు, రాగి చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, దాని మీద స్టీలు తొడుగు. పాడైన గీజర్ రాడ్‌ను విరిచి చూస్తే లోపల తెల్లటి పొడి రాలుతుంది, ఆ పదార్థమే. ఆ చోట క్షేత్రం 4 టెస్లా దాకా ఉంటుంది. కరెంటునూ క్షేత్రాన్నీ గుణిస్తే మీటరు పొడవుకు ముప్పై టన్నులు దాటిన బలం. అలజడిని తిప్పుతున్నప్పుడు ఆ బలం అటూ ఇటూ ఊగుతుంది. వెల్డింగు, మెటల్ ఫెటీగ్ మీద పనిచేసేవాళ్లకు ఇక్కడ బోలెడు పని ఉంది.

(సభలోంచి ప్రశ్న: అలజడి ఇంకా పెద్దది పెడితే ఇంకా బాగా పనిచేయదా సార్?)

చేయదమ్మా. ముఖ్యంగా చుట్టూ ఒక్కసారే మారే అలజడి అంచుతో ఆగదు, లోపలికి పోతుంది. అక్కడ పెద్ద ద్వీపం పుట్టి, ప్లాస్మా తిరుగుడుకు బ్రేకు వేసి, ఒకేచోట బిగుసుకుపోతుంది. దాని వెనకే ప్లాస్మా మొత్తం కూలిపోతుంది. అంచుకు తగిలి, లోపలికి తగలకుండా చూడాలి. కాయిల్స్ ఎన్ని, ఎక్కడ, ఏ దశలో అన్న లెక్కంతా అందుకే.

(ప్రశ్న: ఇరవై ఏడింటిలో కొన్ని కాలిపోతే? లోపలికి వెళ్లి మార్చలేరు కదా?)

మంచి ప్రశ్న. ఇదే భయంతో డీత్రీ-డీలో పరీక్ష చేశారు. 12 కాయిల్స్‌లో ఒక్కొక్కటీ ఆపుకుంటూ పోయారు. అయిదు మాత్రమే పనిచేస్తున్నప్పుడు కూడా ఎల్మ్‌లు ఆగాయి. కాయిల్స్ తగ్గితే అలజడి శుద్ధంగా ఉండదు, చుట్టూ మూడుసార్లు మారేదానితో పాటు రెండుసార్లు, ఒక్కసారి మారేవి కూడా కలిసివస్తాయి. ఆ కలగలుపు కూడా అంచులో అనునాదానికి తోడవుతుంది. కానీ ఇందాక ఆ అమ్మాయి అడిగినదానికి చెప్పిన ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది: ఆ ఒక్కసారి మారే భాగం. ఇటర్‌లో 27 కాయిల్స్‌కూ విడివిడి పవర్ సప్లైలు ఉంటాయి కాబట్టి, ఒకటి పోతే మిగతావాటి కరెంట్లు సర్ది ఆ భాగాన్ని తగ్గించుకోవచ్చు. ఏయే కాయిల్స్ పోతే ఎలా సర్దాలన్నది కంప్యూటర్ మీద ముందే లెక్కగట్టి పెట్టుకోవాల్సిన పని. ఇటర్‌లో డ్యుటీరియం, ట్రిటియంతో ప్రయోగాలు 2039లో మొదలుపెట్టాలన్నది ప్రస్తుత ప్రణాళిక. అప్పటికి మీ వయసు ముప్పైల్లో ఉంటుంది. ఆ లెక్కలు వేసే వయసే అది.